విశేషణానికి జత వెతికిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని మొన్న ఆదివారం పొద్దున తొర్రూరు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆమె కొడుకు, నాకు అన్న అవుతాడు. "అమ్మ పోయింది చెల్లె. చాయ్ తాగింది, పేపర్ చదివింది, కుర్చీలనే ఒరిగింది. ఏం తిప్పల పడలే" అన్నాడు. తొంభైకి దగ్గరపడిన మనిషికి అంతకన్నా మంచి చావు ఏముంటుందని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. కానీ హైదరాబాద్‌లో బస్సెక్కి కూర్చున్నాక దుఃఖంతో పాటు ఒక వింత ఉత్సాహం కూడా నాలో కదలడం మొదలైంది. పెద్దమ్మను తలచుకుంటే ఎవరికైనా అంతే. ఆమె దగ్గర ఉన్నంతసేపూ జాతరకు బండి కడుతున్నట్టుండేది. ఆ జాతర దేనిదంటే వ్యాకరణానిది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

అన్న ఫోన్లో చెప్పిన "పోయింది" అనే మాట మీదే పెద్దమ్మకు జీవితమంతా తగాదా. తెలుగులో తాత వచ్చిండు, అవ్వ వచ్చింది, బర్రె వచ్చింది. మగవాడికి ఒక మాట, ఆడమనిషికీ బర్రెకూ కలిపి ఇంకో మాట. ఇది చెప్పేటప్పుడు పెద్దమ్మ కొంగు నడుముకు దోపేది. చేతిలో చాయ్ ఉంటే పక్కన పెట్టేసేది, అది చల్లారిపోయేది. "అయితే ఇంకో ముచ్చట చూడు" అని వేలెత్తేది. "అవ్వలు వచ్చిండ్రు. బర్రెలు వచ్చినయి. ఒక్కదాన్నయితే బర్రెతోని కట్టేస్తరు, నలుగురం కూడితే మనుషులమైతం. సంఘం అంటే గదే బిడ్డా." ఆ మాట ఆమె దగ్గర ఎన్నిసార్లు విన్నా మొదటిసారి విన్నట్టే ఉండేది. ఎందుకంటే చెప్పేటప్పుడు ఆమె కూడా ఆ సంగతి అప్పుడే కనిపెట్టినట్టు కళ్లు పెద్దవి చేసేది.

నేను తొర్రూరు చేరేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. జనం బాగా వచ్చారు. తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి మాది మొగుళ్లపల్లి అని చెప్పుకున్నాడు. పత్తి వ్యాపారమట. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "నేను పానీని అమ్మా" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. పక్కన ఉన్న మా అన్న భార్యకు మాత్రం అర్థం కాక ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

సంగతేమిటంటే, పెద్దమ్మ హిందీ టీచరు. మొగుళ్లపల్లిలో, మరిపెడలో పనిచేసి తొర్రూరులో రిటైరయింది. తెలుగు పిల్లలకు హిందీలో అన్నిటికన్నా కష్టమైనది విశేషణాన్ని నామవాచకానికి జత చేయడం. మనకు మంచి పిల్లగాడు, మంచి పిల్ల, మంచి పిల్లలు. "మంచి" ఎక్కడా మారదు. అక్కడ అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ, అచ్ఛే లడ్కే. మనుషులకైతే సరే, కుర్చీకీ తాళంచెవికీ కూడా ఆడా మగా ఉంటుంది. పెద్దమ్మ ఏం చేసేదంటే క్లాసులో ఒక్కో పిల్లకూ పిల్లగాడికీ ఒక్కో వస్తువు పేరు పెట్టేది. ఒకడు దర్వాజా అంటే తలుపు, ఒకామె చాబీ అంటే తాళంచెవి, ఒకడు తాలా అంటే తాళం. అందరినీ బయట వరండాలో నిలబెట్టి "ఛోటీ" అని కేక వేసేది. ఛోటీకి సరిపోయే వాళ్లే పరిగెత్తుకు రావాలి. ఛోటా అంటే వేరేవాళ్లు. తప్పు వచ్చినవాళ్లను కొట్టేది కాదు, వెనక్కి పంపేది. వాళ్లు నవ్వుకుంటూ పోయేవారు. "పానీ" అంటే నీళ్లు. ఆ మాట చివర ఈకారం ఉంటుంది కాబట్టి ఆడదనుకుంటాం, కానీ అది మగది. ఠండా పానీ అనాలి. అందుకని ఆ పేరు ఎప్పుడూ క్లాసులో కొంచెం తిక్కవాడికి ఇచ్చేదట. ఆ తిక్కవాడు ఇప్పుడు మనవళ్లను ఎత్తుకునే వయసులో ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు.

నా సంగతి వేరు. నేను ఆమెకు హిందీ శిష్యురాలిని కాను. మా ఊరు మహబూబాబాద్. డిగ్రీ తర్వాత హైదరాబాద్‌లో స్పానిష్ చదవడానికి చేరాను. ఎందుకు చేరావని ఇంట్లో అందరూ అడిగారు, పెద్దమ్మ తప్ప. "కొత్త భాషనా, ఎట్లుంటది?" అని మాత్రమే ఆమె అడిగింది. మొదటి సెలవులకు తొర్రూరు వెళ్లేసరికి నేను ఆ చదువు మానేద్దామనే నిర్ణయానికి వచ్చేసి ఉన్నాను. క్లాసులో నోరు తెరిస్తే తప్పు. స్పానిష్‌లో ఎరుపు "రోహో". కానీ బల్ల ఎర్రగా ఉంటే "మేసా రోహా" అనాలి. బల్లలు చాలా ఉంటే "మేసాస్ రోహాస్". నేనేమో ప్రతిసారీ రోహో అంటాను. మా సారు ప్రతిసారీ ఆగి నా వైపు చూస్తాడు. తోటివాళ్లలో కొందరు అంతకుముందే ఫ్రెంచి నేర్చుకున్నవాళ్లు, వాళ్లకు అలవాటే. నేను తొర్రూరు నుంచే నాన్నకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పేద్దామనుకున్నాను. ఫీజు కట్టడానికి ఆయన పడిన కష్టం తెలుసు కాబట్టి నోరు రాలేదు. పెద్దమ్మకు చెప్పాను.

ఆమె ఓదార్చలేదు. "బల్లను ఏమంటరన్నవ్?" అంది.

"మేసా."

"ఆడదా?"

"ఆడదే."

"మనకాడ బల్లను మేజ్ అంటం, గదీ ఆడదే" అని మోకాలు మీద చరుచుకుంది. అంగీని ఏమంటారని అడిగింది. కామిసా అన్నాను. ఆమె లేచి నిలబడింది. "కమీజ్! గదీ ఆడదేనా?" ఆడదే. ఆమె పాఠం చెప్పే హిందీలోనూ, చిన్నప్పుడు నేర్చిన ఉర్దూలోనూ కమీజ్ ఆడదే. ఎక్కడో సముద్రాల అవతల ఉన్నవాళ్లు తమ అంగీని మన అంగీ పేరుతోనే పిలుస్తున్నారని, పైగా దాన్ని ఆడదాన్నే చేశారని తెలిసి ఆమె ఇంటిల్లిపాదినీ పిలిచి చెప్పింది. పెదనాన్న నిద్రలేచి వచ్చి విని మళ్లీ పోయి పడుకున్నాడు. పుస్తకం దగ్గర మాత్రం ఆమెకు కోపం వచ్చింది. ఉర్దూలో కితాబ్ ఆడది, స్పానిష్‌లో లీబ్రో మగది. "వాళ్లకెట్ల మగోడైండే?" అని చాలాసేపు బాధపడింది. చేతిని "మానో" అంటారు, చివర ఓ ఉన్నా ఆడదే అని చెప్పాను. "మన పానీ అసొంటిదన్నట్టు" అని తృప్తిపడింది. ఎర్ర జెండాను ఏమంటారని అడిగింది. "బాందేరా రోహా" అన్నాను. ఉర్దూలో లాల్ అనే మాట ఎవరికీ మారదు, మగదైన జెండాకీ లాల్ ఝండానే, ఆడదైన ఓణీకీ లాల్ ఓఢ్నీనే. "ఎరుపును గూడ వంచిండ్రా వాళ్లు" అని ఆశ్చర్యపోయింది.

ఆ మాటల మధ్యలోనే నేను ఇంకో తేడా చెప్పాను. స్పానిష్‌లో వస్తువు పేరు ముందు, దాని గుణం తర్వాత. ఎర్ర బల్ల అనరు, బల్ల ఎర్రది అన్నట్టు చెబుతారు. పెద్దమ్మ ఒక్కసారిగా ఆగిపోయింది.

"పేరు ముందుగాల చెప్పాల్నా? అట్లయితే ఆ పొద్దు నేను దొరికిపోయేదాన్ని" అంది.

ఏ పొద్దు అని అడిగాను. అప్పటిదాకా మా ఇళ్లలో పెద్ద మామయ్య కుంటి కాలి గురించి విన్నానే గానీ, దాని వెనక ఉన్న పెద్దమ్మ కథ నాకు తెలియదు.

నిజాం మీద సాయుధ పోరాటం సాగుతున్న రోజులవి. అప్పుడు పెద్దమ్మ వాళ్లు జనగామలో ఉండేవారు. మా తాత రైల్వే స్టేషన్ దగ్గర ఎడ్లబండి తోలేవాడు. పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం. ఆ ఇంటావిడ మిషను మీద బట్టలు కుట్టేది. ఆమె భర్త సర్కారు కచేరీలో చప్రాసీ. పెద్దమ్మ ఆమెను ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచేది. బడి అంతా ఉర్దూలో ఉన్న రోజులు, ఆడపిల్లను బడికి పంపే ఆలోచన అప్పటికి మా తాతకు లేదు. ఖాలా మిషను పక్కన కూర్చునే పెద్దమ్మ ఉర్దూ నేర్చుకుంది. గుడ్డలే ఆమెకు పాఠం. ఖాలా ఒక నల్ల అంగీ పైకెత్తితే కాలా కుర్తా అనాలి, నల్ల ఓణీ ఎత్తితే కాలీ ఓఢ్నీ అనాలి. తప్పు చెబితే ఖాలా సూది పళ్ల మధ్య పెట్టుకునే తల అడ్డంగా ఊపేది. ఆడపిల్లవు కాబట్టి నీ గురించి నువ్వు చెప్పుకునేటప్పుడు ఆకలైతే భూఖీ, అలిసిపోతే థకీ, ఒంటరివైతే అకేలీ అనాలని నేర్పింది. పెద్దమ్మకు అది ఊపిరంత అలవాటైపోయింది.

పెద్దమ్మ వాళ్ల అన్న, అంటే మా పెద్ద మామయ్య, పోరాటం నడిపే సంఘంలో చేరి ఊళ్ల మీద తిరుగుతున్నాడు. ఒకరోజు కబురొచ్చింది. అతని తొడకు తూటా తగిలి పుండు చీము పట్టింది, ఒక పల్లెలో జొన్నచేలో దాచారు, మందు అందకపోతే బతకడు. మా తాత ఎటు కదిలినా వెనక పోలీసు మనిషి నడుస్తున్నాడు. ఎవరో ఆడపిల్ల సంఘం వాళ్లకు మందులు మోస్తోందని పోలీసులకు తెలిసి, దారిలో ఆడపిల్లలనే ఆపి వెతుకుతున్నారు. అమ్మమ్మ వెళ్లి ఖాలా ముందు కూర్చుని ఏడ్చింది.

ఖాలా మర్నాడు సర్కారు దవాఖానకు వెళ్లి, తన బిడ్డకు గాయమైందని చెప్పి పుండు కడిగే మందు, పట్టీలు, జ్వరం గోలీలు తెచ్చింది. బయటపడితే ఆమె భర్త ఉద్యోగం పోవడం చిన్న సంగతి. ఆమె చేసిన రెండో పని, పెద్దమ్మ జడ కత్తిరించడం. తన కొడుకు అంగీ, పైజామా తొడిగి, మందులు కడుపు చుట్టూ గుడ్డతో కట్టింది. ఇక మూడోది అన్నిటికన్నా కష్టమైన పని. నేర్పిన ఉర్దూనంతా తిరగేయాలి. భూఖీ కాదు భూఖా. థకీ కాదు థకా. అకేలీ కాదు అకేలా. ఆ సాయంత్రమంతా ఖాలా అడగడం, పెద్దమ్మ చెప్పడం. అంగీ తొడిగినంత తేలిగ్గా నాలుక మారలేదట.

తెల్లవారాక ఒక మేకను తాడు పట్టి ఇచ్చి పంపారు. అడిగితే మేనమామ ఇంటికి మేకను తోలుకుపోతున్నానని చెప్పాలి. మధ్యాహ్నం ఎండలో ఒక వాగు వంతెన దగ్గర పోలీసులు కనిపించారు. వాళ్లను చూడగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. అదే తప్పయింది. ఒక జవాను దగ్గరికొచ్చి, ఎందుకు ఆగిపోయావురా అని అడిగాడు. అలిసిపోయానని చెప్పాలి. నోటికి వచ్చిన మాట "సాబ్, థకీ హుయీ..."

"అన్నంక తెలిసింది బిడ్డా" అంది పెద్దమ్మ. "మాట బయటపడ్డది. ఇంక దాన్ని లోపలికి గుంజలేను. హూ అని, అంటే 'ఉన్న' అని ముగించిన్నంటే నేను ఆడపిల్లనని నేనే చెప్పినట్టు. అంగీల ఉన్న పిల్లగాడు థకీ అనడు. ఇగ ఒక్కటే తొవ్వ. ఆ థకీకి ఒక ఆడ వస్తువు దొరకాలె. చేతిల తాడు ఉన్నది, తాడు కొసకు మేక ఉన్నది."

"థకీ హుయీ బకరీ హై, సాబ్."

అలిసిన మేక ఇది, అయ్యా. బకరీ ఆడది. థకీకి జత కుదిరింది. వాక్యం నిలబడింది.

జవాను మేక వైపు చూశాడు. అలిసిన మేక ముందుకాళ్లు కంచె మీదికి ఎత్తి ఆకులు తెంపుకు తింటోంది. ఆయన పెద్దగా నవ్వి, అయితే ఎత్తుకుని పో అన్నాడు. పెద్దమ్మ మేకను ఎత్తి భుజాల మీద వేసుకుంది. దాని కాళ్లు ముందు వైపు వేలాడి, కడుపు దగ్గర ఉబ్బుగా ఉన్న అంగీని కప్పేశాయి. అలాగే వంతెన దాటింది. పోలీసులు కనుమరుగైన తర్వాత కూడా దాన్ని దించడానికి ధైర్యం చాలలేదట. మేక మాత్రం ఆమె చెవి పక్కనే హాయిగా నెమరు వేస్తూ వచ్చింది.

మందు అందింది. మామయ్య బతికాడు, కాలు మాత్రం కుంటిదైంది. ఆయన్ను దాచిపెట్టిన ఇంటివాళ్లకే పెద్దమ్మ మేకను వదిలి వచ్చింది. ఈ కథ చెబుతున్నంతసేపూ పెద్దమ్మ ఒకచోట కూర్చోలేదు. జవానులా నడిచి చూపించింది, మేకలా మెడ ఊపింది. తర్వాత నా భుజం పట్టుకుని, "తెలుగు పిల్లగాడు ఉర్దూల తప్పు మాట్లాడితే ఆయన పట్టించుకోకపోతుండెనేమో. గది నాకు తర్వాత తోచింది. ఆ గడియల ఎవరికి తోస్తది?" అంది. స్పానిష్‌లో అలిసిన మేకను ఏమంటారో చెప్పమంది. "కాబ్రా కాన్సాదా" అన్నాను. మేకే ముందొస్తోంది, గుణం వెనకొస్తోంది. గుణం ముందు జారితే పేరు వెతుక్కోవడానికి అక్కడ వీలు లేదు. "వాళ్ల భాషల ముందుగాలనే ఎవరి గురించి మాట్లాడుతున్నవో తేల్చుకోవాలె. మంచిదే. పోలీసోళ్లు లేనికాడ మంచిదే" అంది.

ఆ సెలవుల నుంచి నాకు తప్పు రాలేదని చెప్పను, కానీ భయం పోయింది. ప్రతి విశేషణం జత కోసం చూస్తున్న పిల్లలా కనిపించేది. నేను ఆ చదువు పూర్తి చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో స్పానిష్ చెబుతున్నాను. విశేషణాల పాఠం వచ్చినప్పుడల్లా మేక కథ చెబుతాను. పిల్లలు నవ్వుతారు, తప్పులు తగ్గిస్తారు.

పెద్దమ్మ ఆ రోజు చెప్పని భాగం ఒకటి ఉంది. అది చాలా ఏళ్ల తర్వాత, పెదనాన్న పోయిన ఏడాదిలో చెప్పింది. నిజాం పాలన పోయాక రోజులు తిరగబడ్డాయి, ముస్లింల ఇళ్ల మీద దాడులు మొదలయ్యాయి. ఖాలా కుటుంబం ఇంట్లోంచి బయటికి రావడానికి భయపడింది. మా తాత వాళ్లను తన ఇంట్లో పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు హైదరాబాద్‌లోని బంధువుల దగ్గరికి చేర్చాలని బండి కట్టాడు. అమ్మమ్మ తన చీర ఖాలాకు కట్టింది. పెద్దమ్మ ఆమె నుదుట బొట్టు పెట్టబోయి ఆగి, ఖాలా ముఖం చూసిందట. ఖాలా కళ్లు మూసుకుని నుదురు ముందుకు చాపింది. అప్పుడు పెద్దమ్మ పాఠం చెప్పాల్సి వచ్చింది, దారిలో ఎవరైనా అడిగితే తెలుగులో ఏం చెప్పాలో. ఖాలాకు భయమంతా ఆడమాట మగమాట తారుమారవుతుందేమోనని. నేను వచ్చిన అని మగవాడంటాడు, మరి ఆడమనిషి ఏమనాలని అడిగింది. అదే అనాలని చెప్పింది పెద్దమ్మ. నేను వచ్చిన, నేను తిన్న, నేను అలిసిపోయిన. తెలుగులో "నేను" అన్నప్పుడు ఆడా మగా ఉండదు.

ఖాలా నమ్మలేనట్టు చూసి, "బహుత్ అచ్ఛీ జబాన్ హై" అందట. చాలా మంచి భాష. జబాన్ ఆడది కాబట్టి అచ్ఛీ. ఆ స్థితిలో కూడా ఖాలా జత తప్పలేదని చెబుతూ పెద్దమ్మ నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. వాళ్లు క్షేమంగా చేరారు. ఖాలా కొడుకు పెళ్లికి మా తాత వెళ్లి వచ్చాడు. తర్వాత ఖాలా పోయింది. పిల్లలు వేర్వేరు ఊళ్లకు వెళ్లిపోయారు. పెద్దమ్మ ఉర్దూ మాట్లాడినప్పుడల్లా ఆ మిషను చప్పుడు వినిపిస్తుందని చెప్పేది.

చివరి ఏళ్లలో పెద్దమ్మకు మోకాళ్లు సహకరించలేదు, కానీ ఆత్రం తగ్గలేదు. ఫోన్ చేస్తే ఎట్లున్నవ్ అని అడగడానికి ముందే, "నిన్న ఒక మాట దొరికింది" అని మొదలుపెట్టేది. ఇంట్లో కనిపించినదానికల్లా స్పానిష్ పేరు చెప్పించుకునేది. కొన్ని మరిచిపోయేది. మరిచిపోయినందుకు బాధపడేది కాదు, మళ్లీ కొత్తగా వినొచ్చు కదా అనేది. మాటలు మనుషుల్లాంటివని, ఒంటరిగా ఉంటే ఎటు ఉన్నా నడుస్తుందని, పక్కన ఇంకొకరు వచ్చినప్పుడే ఎట్లా మారాలో తెలుసుకోవాలని ఒకసారి చెప్పింది. అది ఏదో గొప్ప మాటలా చెప్పలేదు, చిక్కుడుకాయలు తెంపుతూ చెప్పింది.

నేను ఆమెను ఆఖరిసారి చూసింది వానాకాలంలో. వద్దన్నా వినకుండా అన్న బండి మీద కూర్చుని తొర్రూరు బస్టాండుదాకా వచ్చింది. నేను కిటికీ పక్కన సీటు పట్టాను. చినుకులు పడుతున్నాయి. ఎవరో అద్దం మూసేశారు. ఆమె చేతికర్ర మీద ఆనుకుని నిలబడి, మక్కకంకులు కాల్చి అమ్మే ఆవిడ గొడుగు కిందికి సగం దూరి, నాకు ఏదో చెబుతోంది. బస్సు చప్పుడులో వినపడలేదు. వినపడలేదని చెయ్యి ఊపాను. ఆమె మళ్లీ చెప్పింది, ఈసారి పెదవులు బాగా సాగదీసి, నాకు అందాలని. అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. బస్సు కదిలింది. ఆమె ఆ మాటే పక్కనున్న కంకులావిడకు చెప్పినట్టుంది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు, గొడుగు ఊగింది.